పాత కఱ్ఱసామాను – క్రొత్త మెఱుగు

 పెద్దలందఱు సాయంకాలపు పనులు ముగించుకొని అరుగులమీద కూర్చుండి వినుచున్నారని తలంచి మాటాడుచున్నాను. నేను పండితురాలను కాను. వడ్రంగము నేర్చినదానను కాను. దివిసీమలో ఒక సామాన్యపు రైతుకుటుంబమునకు కోడలిగా వచ్చి, ఆ సంసారమును ఇన్నేండ్లు నడపుకొని వచ్చిన ఇల్లాలిని. పాతబడిన మంచమును, కుర్చీని, భోషాణమును పాఱవేయక, అగ్గువకు అమ్మివేయక, మరల వాడుకలోనికి తెచ్చుకొనుట యెట్లో, దానివలన సంసారమునకు గలుగు మేలేమో నా అనుభవములోనికి వచ్చినంతవఱకు మనవి చేసెదను. నేను చేసిన తప్పులను గూడ దాచక చెప్పెదను. ఒకరి తప్పు వేఱొకరికి ఖర్చులేని పాఠము గదా.

2009వ సంవత్సరమున మా అమ్మాయికి పెండ్లి కుదిరినది. ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని పెద్దలు ఊరక చెప్పలేదు. మా వియ్యాలవారు మంచివారు. ఇది కావలెను, అది కావలెను అని నోరు తెఱచి అడుగలేదు. అయినను మాకు ఊరివారి కన్నులయందు భయము. సారెతో పందిరిమంచమో, బీరువాయో, అద్దపుబల్లయో పంపనిచో నలుగురు ఏమందురో అని మా వారు పట్టణమునకు పోయి ధరలు విచారించి వచ్చిరి. అన్నియు కలసి 60,000 రూపాయలు కావలెనని తేలినది. చేతిలో ఆ సొమ్ము లేదు. అరయెకరపు పాసుపుస్తకము తాకట్టుపెట్టి, నెలకు నూటికి 2 రూపాయల వడ్డీకి తెచ్చెదనని వారు నిశ్చయించిరి. నేను వ్రేళ్లమీద లెక్క కట్టితిని. నెలకు వడ్డీయే 1,200 రూపాయలు, ఏడాదికి 14,400. అసలు అట్లే యుండును. నాలుగేండ్ల రెండు నెలలకు వడ్డీ అసలంత యగును. మంచము పాతబడును గాని అప్పు పాతబడదు.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. తెల్లవాఱి లేచి ఇల్లంతయు కలయ చూచితిని. పశువుల కొట్టములో తవుడుబస్తాల క్రింద మా మామగారి తండ్రినాటి పట్టెమంచము పడియున్నది. అటకమీద చేతుల కుర్చీ యొకటి, దాని పేము అల్లిక చినిగి వ్రేలాడుచున్నది. నడవలో భోషాణము. దానికి పచ్చరంగు, దానిమీద నీలపురంగు, దానిమీద మఱియొక పచ్చరంగు పూసి, అసలు కఱ్ఱ యేదో తెలియకుండ చేసిరి. పాతసామాను కొనెడి వర్తకుడు అంతకుముందే వచ్చి, భోషాణమునకు 3,000 రూపాయలు ఇచ్చెదనని చెప్పిపోయెను. మా వారు సరే యనుటకు సిద్ధముగా ఉండిరి. మా అత్తగారు ఆ మాట విని అవునని గాని కాదని గాని అనలేదు. మెల్లగా నడచిపోయి ఆ భోషాణముమీద కూర్చుండిరి. మధ్యాహ్నము భోజనమునకు పిలిచినను లేవలేదు.

ఆ భోషాణపు చరిత్ర మీకు చెప్పవలెను. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీని దివిసీమకు వచ్చిన ఉప్పెనను ఎఱుగని తెలుగువారుండరు. సముద్రము లేచి ఊళ్లమీద పడినది. వేలమంది చనిపోయిరి. మా అత్తవారి గ్రామము సముద్రమునకు కొంత దూరమున నుండుటచే అల ఉద్ధృతి తగ్గి వచ్చినది. అయినను నీరు ఇంటిలోనికి చొచ్చినది. మా అత్తగారు పండ్రెండేండ్ల కొడుకును, చిన్న కూతురును భోషాణముమీదికి ఎక్కించి, తామును ఎక్కి, దూలమును పట్టుకొని తెల్లవాఱువఱకు నిలిచిరట. లోపల ధాన్యముండుటవలన అది బరువుగా నిలిచినది, తేలిపోలేదు. నీరు మూతకు జానెడు దిగువవఱకు వచ్చి ఆగినది. ఆ పండ్రెండేండ్ల పిల్లవాడే మా వారు.

అత్తగారిని నేను లేవదీసి, ''దీనిని అమ్మము, మీరు అన్నము తినుడు'' అంటిని. అప్పుడు వారు, ''అమ్మవద్దనుట కాదమ్మాయీ, పిల్లకు అప్పు లేకుండ పెండ్లి కావలెను. దారి చూడు'' అనిరి. ఆ మాటయే నాకు దారి చూపినది. మా ఊరి వృద్ధ వడ్రంగిని పిలిపించితిని.

పాతసామానును బాగు చేయదలచినవారు మొట్టమొదట చూడవలసినది పైరంగు కాదు, లోపలి చేవ. వడ్రంగి వచ్చి ముందుగా మంచమును వ్రేలి కణుపులతో తట్టి చూచెను. గట్టి కఱ్ఱ ఖంగున పలుకును. చెదలు తినినది డొల్లగా పలుకును. పిదప కోళ్ల అడుగులను ఉలిమొనతో పొడిచి చూచెను. టేకు, జిట్టేగి, ఏగిస మొదలగు కఱ్ఱల చేవను చెదపురుగు సులభముగా ముట్టదు. వాని అంచులనుండు తెల్లని భాగమును మాత్రము టేకైనను విడువక తినును. చిన్నచిన్న రంధ్రములనుండి మెత్తని పిండి రాలుచున్నచో అది పుచ్చుపురుగు పని. పుచ్చిన భాగము కొంచెమైనచో కోసివేసి క్రొత్త ముక్క అతుకవచ్చును. మిగిలిన కఱ్ఱకు రంగు గీకిన తరువాత వెలిగారమును వేడినీటిలో కరగించి రెండుసారులు పట్టించి ఆఱనిచ్చినచో పురుగు మరల చేరకుండును. ఆ నీరు పిల్లలకును పశువులకును అందకుండ చూచుకొనవలెను.

ఒక హెచ్చరిక. ఈనాడు అంగళ్లలో దొరకు సామానులో చాల భాగము రంపపుపొట్టును బంకతో అదిమి చేసిన పలకలు. పైన పలుచని కాగితమువంటి పొర అంటించి టేకువలె కనపఱచుదురు. అవి నీరు తగిలినచో ఉబ్బిపోవును. వానిని గీకినను, మెఱుగు పెట్టినను ప్రయోజనము లేదు. బాగుచేయుటకు తగినది గట్టికఱ్ఱ సామాను మాత్రమే. ఏది బాగుచేయవలెనో తెలియుట ఎంత ముఖ్యమో, ఏది విడిచిపెట్టవలెనో తెలియుటయు అంత ముఖ్యము.

మంచము విషయమున మొదటి తప్పు నాదే. వడ్రంగి మఱునాడు వచ్చునని తెలిసియు నేను ఆగలేక, నల్లులు చచ్చునని కీళ్లలో మరగిన నీళ్లు కుమ్మరించి, మురికి పోవునని సోడా వేసి తోమితిని. నల్లులు చచ్చినవి, నిజమే. కాని పాతకాలపు సామాను అతుకులకు వాడినది తోళ్లనుండియు ఎముకలనుండియు కాచి తీసిన బంక. అది వేడినీటికి కరగును. తలవైపు పట్టె అతుకులు వదులై కుసులు బెజ్జములనుండి ఊడివచ్చినవి. సోడా తగిలినచోట టేకు నల్లబడినది. వడ్రంగి వచ్చి చూచి, ''అమ్మా, రోగి దొరికినాడని ఆచారి రాకముందే కోసినారే'' అని నవ్వెను. నిమ్మరసము కలిపిన నీటితో కడిగి నలుపును కొంత తగ్గించెను; పూర్తిగా పోలేదు. ఊడిన కుసులను శుభ్రముగా గీకి, క్రొత్త బంక పూసి, త్రాడుతో బిగించి ఒక దినము కదలింపక ఉంచెను. కావున మంచమును తేమగుడ్డతో తుడిచి, మంచి యెండలో పెట్టుటయే మేలు. నల్లులున్నచో కీళ్లు విడదీసి ఎండబెట్టవలెను.

ఇక రంగు తీయుట. ముందుగా పాతపూత యేదో తెలిసికొనవలెను. కనబడని మూలలో స్పిరిటుతో తడిపిన గుడ్డను రెండు నిమిషములు అదిమి చూచినచో, పూత మెత్తబడి అంటుకొన్నయెడల అది లక్కమెఱుగు. దానిని స్పిరిటుతోనే తుడిచివేయవచ్చును. మెత్తబడనిచో అది నూనెరంగు. దానిని గీకవలసినదే. ఇచ్చట ఆరోగ్యవిషయము ఒకటి ముఖ్యముగా గమనింపవలెను. పాతరంగులలో సీసము కలిపెడివారు. మన దేశములో ఇండ్లకు వాడు రంగులలో సీసమును మిలియనుకు 90 భాగములకు మించరాదని నియమము చేసినది 2016లోనే. కావున అంతకు పూర్వపు రంగును పొడిగా రుద్ది దుమ్ము లేపరాదు. తడిపి గీకవలెను; ముక్కునకు గుడ్డ కట్టుకొనవలెను; పిల్లలను, చూలింతలను దగ్గఱకు రానీయరాదు; ఊడిన పెచ్చులను కాల్చక, తోటలో వేయక, మూటకట్టి దూరముగా పాఱవేయవలెను. నాకు ఈ సంగతి అప్పుడు తెలియదు. నేడు తెలిసినది గనుక మీకు చెప్పుచున్నాను.

రంగు పోయిన తరువాత గరుకుకాగితము పట్టవలెను. మొదట 80 నంబరుది, పిమ్మట 120, చివరకు 220. ఎప్పుడును కఱ్ఱ నార వెంబడి రుద్దవలెను గాని అడ్డముగా రుద్దరాదు. అడ్డముగా పడిన గీతలు అప్పుడు కనబడవు. మెఱుగు పెట్టిన తరువాత మన తొందరపాటును నలుగురికి చాటును.

తరువాత అవిసెనూనె. మరగించి సిద్ధపఱచిన అవిసెనూనె అంగడిలో దొరకును. దానిని పలుచగా పూసి, పావుగంట తరువాత మిగిలినదానిని తుడిచివేసి, ఒక దినము ఆఱనిచ్చి, మరల పూయవలెను. ఇక్కడనే నా రెండవ తప్పు జరిగినది. ఇది చెప్పుటకు నేటికిని నా గుండె దడదడలాడును. నూనె తుడిచిన గుడ్డలను విప్పి విడివిడిగా ఎండలో ఆఱవేయమని వడ్రంగి చెప్పెను. నేను పనితొందరలో వానిని ముద్దగా చుట్టి, బుట్టలో వేసి, గడ్డివామి ప్రక్కన పెట్టితిని. ఆ యేటి గడ్డి అంతయు ఆ వామిలోనే ఉన్నది. దానిని ఆనుకొని పశువుల కొట్టము. మధ్యాహ్నము మూడుగంటల వేళ కుక్క అఱచుచుండగా బయటికి వచ్చి చూతునుగదా, బుట్టనుండి పొగ లేచుచున్నది. నిప్పు పెట్టినవారు లేరు, చుట్ట పాఱవేసినవారు లేరు. వడ్రంగి పరుగెత్తివచ్చి బుట్టను కాలితో తన్ని దూరముగా దొరలించి కుడితిగోలెములోని నీరు దానిపై కుమ్మరించెను. ఇంకొక గడియ ఆలస్యమైనచో సారె మాట దేవుడెఱుగు, కొట్టమును కాడియెద్దులును దక్కెడివి కావు.

దీనికి కారణము తరువాత తెలిసికొంటిని. అవిసెనూనె నీటివలె ఆవిరియై ఆఱదు. గాలిలోని ప్రాణవాయువుతో కలిసి గట్టిపడును. ఆ కలయికలో వేడి పుట్టును. గుడ్డ విప్పి ఆఱవేసినచో ఆ వేడి గాలిలో పోవును. ముద్దగా ఉన్నచో వేడి లోపలనే పెరిగి, తనంతట తానే అంటుకొనును. కావున ఆ గుడ్డలను విడివిడిగా ఆఱవేయవలెను, లేదా నీటిలో ముంచి ఉంచవలెను. ఈ ప్రసంగములో మీరు మఱి యేది మఱచినను ఈ యొక్కమాట మఱవవలదు.

నూనె బాగుగా ఆఱిన పిమ్మట లక్కమెఱుగు. లక్క మన దేశపు సొత్తే. మోదుగు, రేగు, కుసుమచెట్ల కొమ్మలమీద చిన్నపురుగులు కట్టెడు గూటినుండి అది వచ్చును. ఏటికొప్పాకలో అంకుడు కఱ్ఱబొమ్మలకు తళుకు తెచ్చునది ఈ లక్కయే. పలుచని రేకులుగా చేసి అమ్మెడిదానిని చపడా అందురు. లీటరు స్పిరిటులో 200 గ్రాముల చపడా వేసి ఒక రాత్రి నానబెట్టి, గుడ్డతో వడకట్టవలెను. ఇనుపపాత్రలో చేసినచో నల్లబడును. జాడీ గాని గాజుసీసా గాని మంచిది. కావలసినంతే చేసికొనవలెను; నెలలతరబడి నిలువయున్న ద్రవము పూసినచో సరిగా ఆఱక జిగటగా నుండును. దూదిని మెత్తని పాతచీర ముక్కలో చుట్టి, ఆ ముద్దను ద్రవములో అద్ది, తేలికగా, ఆగకుండ రుద్దవలెను. ఒకచోట ఆగితిమా, అక్కడ అంటుకొని మచ్చపడును. పలుచని పూతలు ఏడెనిమిది వేసిన గాని నిగారింపు రాదు. ఒక్క పూతతో ముగించవలెనను కోరిక లోభము. అది పొదుపు కాదు. స్పిరిటు త్రాగరాని విషము, త్వరగా మండునది. పొయ్యి దగ్గఱ ఈ పని కూడదు.

కాలమును గూడ ఎంచుకొనవలెను. అంతకుముందటి యేటి శ్రావణమాసములో నేను ఒక పీటకు లక్క పూసితిని. తెల్లవాఱునప్పటికి అది బూడిద పూసినట్లు తెల్లబడినది. గాలిలోని తేమ పూతలో చిక్కుకొనుటయే కారణము. మాఘ ఫాల్గునములు ఈ పనికి అనుకూలము. మేము మాఘములోనే ఆరంభించితిమి.

భోషాణము పని వేఱు. పచ్చరంగులు రెండును, నీలపురంగును పోయిన తరువాత ఎఱ్ఱని టేకు బయటపడినది. ఇత్తడి పట్టీలను ఊడదీసి చింతపండుతో తోమితిని. పట్టీలు కఱ్ఱమీదనే ఉండగా తోమినచో కఱ్ఱకు మచ్చపడును. మూతకు జానెడు దిగువ చుట్టును ఒక నల్లని చాఱ కనబడినది. అది ఉప్పెననాటి నీటి గుర్తు. ఆ చాఱ దిగువ కఱ్ఱలో ఉప్పు నిలిచియున్నది. ఉప్పు గాలిలోని తేమను లాగును గనుక దానిపై మెఱుగు నిలువదు. అందుచే మంచినీటితో రెండు మూడుసారులు తుడిచి వారము దినములు నీడన ఆఱబెట్టితిమి. వడ్రంగి ఆ చాఱను చిత్రికతో తీసివేయుటకు చేయి చాచెను. అప్పుడు మా అత్తగారు, ''నాయనా, అంతయు గీకుము, ఆ చాఱను మాత్రము ముట్టకుము. నా బిడ్డలు దానికి పైన నిలిచిరి'' అనిరి. మా వారు అక్కడనే ఉండిరి. ఆయన ఏమియు పలుకక, గరుకుకాగితము తీసికొని తామే కూర్చుండి పని చేయ మొదలిడిరి. వర్తకుని మాట మరల మా యింట వినబడలేదు. భోషాణమునకు లక్క వేయలేదు. నూనె పట్టించి, తేనెమైనము రుద్దితిమి. చాఱ నేటికిని ఉన్నది.

ఇక లెక్క. వడ్రంగికి 6 దినముల కూలి దినమునకు 300 చొప్పున 1,800 రూపాయలు. చపడా, స్పిరిటు, నూనె, మైనము 1,130. గరుకుకాగితము, మరచీలలు, బందులు 410. కుర్చీకి పేము అల్లించుటకు 600. అన్నియు కలసి 3,940 రూపాయలు. చీరలకును నగలకును తాళమువేసి దాచు బీరువా అవసరమే గనుక ఇనుపబీరువా మాత్రము 9,500 పెట్టి క్రొత్తది కొంటిమి. మొత్తము 13,440. అరువదివేలు కావలసినచోట ఇంతతో తీఱినది. పాసుపుస్తకము పెట్టెలోనే ఉన్నది.

అంతయు సుఖముగా జరిగినదని చెప్పుటలేదు. మా అమ్మాయి మొదట కంటనీరు పెట్టుకొని, ''పాతమంచము పంపినారని అత్తవారింట నన్ను చులకన చేయరా?'' అని అడిగినది. నేను సమాధానము చెప్పలేకపోయితిని. సారె దింపిననాడు ఒకావిడ నవ్వినమాట నిజము. అది నా చెవిని పడినది. అయితే మా వియ్యపురాలు మంచపుకోడును వ్రేలితో తట్టి, తలగడవైపు పోక మిగిలిన సోడా మచ్చను తడవి, ''ఎవరు చేసినారు వదినగారూ?'' అని అడిగిరి. ''నేనే చేసితిని, చెడగొట్టినదియు నేనే'' అని చెప్పితిని. ఆమె నవ్వి, ''చేవ కఱ్ఱ. మా మనుమలకును వచ్చును'' అనిరి. మఱుసటి వేసవిలో తమ యింటి ఉయ్యాలబల్లకు మెఱుగు పెట్టుట నేర్పుమని నన్ను పిలిపించిరి.

మా అత్తగారు 2014లో కాలము చేసిరి. భోషాణమును మనుమరాలికి ఇమ్మని చెప్పిపోయిరి. నేడు అది మా అమ్మాయి యింట ఉన్నది. అందులో పిల్లల దుప్పట్లు పెట్టుకొన్నది. దానిమీదికెక్కి ఆడుకొను పిల్లలు ఆ చాఱ యేమని అడుగుదురు. చెప్పుటకు మా అమ్మాయికి ఒక కథ కలదు.

పెద్దలారా, మీకొక విన్నపము. అన్నదమ్ములు వేఱుపడునప్పుడు పెద్దమనుష్యులుగా కూర్చుండువారు మీరే. పొలమును సెంట్లతో కొలిచి పంచుదురు. పాతసామానును మాత్రము ఎవరికిని వద్దని వర్తకునికి తూచి ఇప్పింతురు. టేకుచెట్టు చేవ పట్టుటకు ఒక మనుష్యుని జీవితములో సగముపైన పట్టును. దానిని అమ్ముటకు ఒక్క పూట చాలును. అమ్మకముందు ఒకసారి వ్రేలితో తట్టి చూడుడు. రంగు క్రింద ఏమున్నదో కనబడని మూలలో కొంచెము గీకి చూడుడు. మీ యూరిలో ముసలి వడ్రంగి యున్నచో ఆతనిని పిలిచి, ఇంటి పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుడు. ఆతని చేతిలోని విద్యయు పాతసామానువంటిదే. వాడుక లేక మూలపడిన కొలది నశించును. మా వడ్రంగి ఇప్పుడు లేడు. ఆతడు నేర్పిన నాలుగు మాటలే నేను మీకు చెప్పగలిగినవి.

పొదుపనగా కడుపు మాడ్చుకొనుట కాదు. ఉన్నదానిని కన్నులు తెఱచి చూచుట.